సీబోర్న్ వదిలేముందు మేం ఎక్కి చూసిన ఓడలు

మేం ఇన్నేళ్లూ తిరిగిన క్రూయిజ్ కంపెనీ సీబోర్న్. వాళ్ల ఓడ సీబోర్న్ ఒడిస్సీ 2024లో జపాన్ వెళ్లిపోయింది. అక్కడి మిత్సుయి కంపెనీ వాళ్లు తీసుకుని, పేరు మార్చి తిప్పుతున్నారు. 2026లో దాని జంట సోజర్న్‌దీ అదే దారి. ఒకే నమూనాలో కట్టిన ఆ మూడింటిలో సీబోర్న్ దగ్గర మిగిలేది 2011 నాటి క్వెస్ట్ ఒక్కటే. సీబోర్న్‌వే ఇంకో రెండు ఓడలు, ఎన్‌కోర్, ఓవేషన్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, బాగుంటాయి కూడా. కానీ వాటిలో 600 మంది. మేం ఇన్నేళ్లూ అలవాటు పడింది 450 మంది ఓడకి. ఈ నూట యాభై మంది తేడా కాగితం మీద కనిపించదు, సాయంత్రం ఆరింటికి పైడెక్ మీద కుర్చీ వెతుక్కునేటప్పుడు తెలుస్తుంది.

అందుకని వేరే లైన్లు, అంటే వేరే క్రూయిజ్ కంపెనీలు, చూడటం మొదలుపెట్టాం. సిల్వర్‌సీ, వైకింగ్, విండ్‌స్టార్ ఎక్కి చూశాం. రీజెంట్‌ని మాత్రం లెక్కలు వేసుకునే పక్కన పెట్టాం.

లైను మార్చేముందు పాతదాంట్లో మనకి నచ్చిందేమిటో తేల్చుకోవాలి. మా ఆయన లిస్టు, నా లిస్టు వేర్వేరుగా వచ్చాయి. ఆయన రాసినవి: మందుకి సంతకాలు పెట్టక్కర్లేదు, టిప్పు ఎవరికెంత ఇవ్వాలన్న టెన్షన్ లేదు, సముద్రం ప్రశాంతంగా ఉన్న చోట ఓడ వెనక తలుపు దించి కయాక్‌లు వదులుతారు. నాకున్నది ఒకటే, సీబోర్న్ స్క్వేర్. మామూలుగా ఓడల్లో రిసెప్షన్ అంటే పెద్ద కౌంటరు, దాని ముందు క్యూ. ఇక్కడ ఓడ వెనక వైపు ఒక హాలు, అందులో పుస్తకాల అరలు, సోఫాలు, కాఫీ బార్. వాటి మధ్యనే చిన్న బల్లల దగ్గర సిబ్బంది ఉంటారు. బిల్లులో సందేహం అడగటానికి వెళ్లినా కూర్చోబెట్టి మాట్లాడతారు. పొద్దున్న కాఫీ తీసుకుని అక్కడ కూర్చుంటే పదకొండు దాకా లేచే పని లేదు. నాకు క్రూయిజ్ అంటే సగం అదే. కొత్త ఓడ ఎక్కిన మొదటి పూటే నేను వెతికేది, పొద్దున్న ఎక్కడ కూర్చోవాలి అని.

ఇక లెక్కలు. ఓడల బ్రోచర్లో గ్రాస్ టన్నులు అని ఉంటుంది. అది బరువు కాదు, ఓడ లోపల ఎంత చోటుందో చెప్పే కొలత. దాన్ని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే తలకెంత వస్తుందో తెలుస్తుంది. క్వెస్ట్ సుమారు 32,000 టన్నులు, 450 మంది, తలకి 71. సిల్వర్‌సీ వాళ్ల సిల్వర్ మ్యూజ్ 40,700, అందులో 596 మంది, తలకి 68. రీజెంట్ వాళ్ల ఎక్స్‌ప్లోరర్‌లో 750 మంది ఉన్నా తలకి 73 దాటుతుంది. వైకింగ్ సముద్రపు ఓడల్లో చాలావరకు 47,800 టన్నులు, 930 మంది, 51. విండ్‌స్టార్ స్టార్ బ్రీజ్ దాదాపు 13,000 టన్నులు, 312 మంది, 42 కూడా రాదు. అంటే అన్నిటికంటే చిన్న ఓడే అన్నిటికంటే ఇరుకు. విశాలం కావాలా, తక్కువ మంది కావాలా అన్నది ముందే తేల్చుకుంటే సగం గందరగోళం పోతుంది. మాకు కావలసింది తక్కువ మంది. రీజెంట్ అక్కడే తప్పుకుంది. వాళ్లు షోర్ ఎక్స్‌కర్షన్లు, అంటే రేవుల్లో దిగి తిరిగే టూర్లు కూడా టికెట్లోనే కలిపేస్తారు కాబట్టి ప్రతి రేవులోనూ బస్సెక్కి తిరిగేవాళ్లకి అది లాభమే. మేం సగం రేవుల్లో మా అంతట మేం నడుస్తాం. ఎక్కని బస్సులకి ముందే డబ్బు కట్టినట్టవుతుంది.

సిల్వర్‌సీ చూడగానే సీబోర్న్‌కి దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. 1994లో రోమ్‌కి చెందిన లెఫెవ్ర్ కుటుంబం మొదలుపెట్టింది. ఇప్పుడు పూర్తిగా రాయల్ కరీబియన్ చేతిలో ఉంది. మ్యూజ్‌లో ఒక పెద్ద డైనింగ్ హాలు అంటూ ఉండదు, దాని బదులు చిన్న చిన్న రెస్టారెంట్లు చాలా ఉన్నాయి. వాటిలో ఇండోషీన్ అనే దాంట్లో మన వైపు మసాలా వాసన కాస్త తగులుతుంది. లా డామ్ అనే దానికి, రాత్రి పూట కైసెకి అనే దానికి అదనంగా కట్టాలి. ప్రతి సూట్‌కీ, అంటే గదికీ, పనులు చూసిపెట్టే బట్లర్ ఉంటాడు. మా ఆయనకి ఇది తెగ నచ్చింది. నాకు మాత్రం సూట్‌కేసు నేనే సర్దుకుంటాను బాబూ అని రోజూ చెప్పుకోవడం మొహమాటంగా ఉండేది. ఫార్మల్ నైట్ ఉంది కనుక పట్టుచీర కట్టుకునే అవకాశం దొరికింది. ఆ రాత్రి ఓడలో నా అంత బాగా తయారైనవాళ్లు లేరని నా అభిప్రాయం. ఓడ వెనక కయాక్‌ల తలుపు మ్యూజ్‌లో లేదు. కొత్త నోవా, రే ఓడల్లో 728 మంది. కంపెనీ ఎటు పోతోందో అర్థమవుతూనే ఉంది.

వైకింగ్‌కి వచ్చేసరికి 930 మంది ఉన్నా గోల లేదు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లని ఎక్కించుకోరు, కాసినో లేదు. స్పాలో వేడి కొలను, మంచు గది అన్నీ ఉచితం, సీబోర్న్‌లో అలాంటి వాటికి డబ్బు తీసుకుంటారు. పొద్దున్న కూర్చునే చోటు విషయంలో నా పరీక్ష పాసైంది. లివింగ్ రూమ్ అని మధ్యలో పెద్ద హాలు, దాని నిండా మంచి పుస్తకాలు. కానీ వైను, బీరు భోజనంతోనే ఉచితం, మిగతా వేళల్లో కొనుక్కోవాలి లేదా ప్యాకేజీ కట్టాలి. టిప్పులు వేరు. రేవుకో టూర్ ఉచితం. చరిత్ర ఉపన్యాసాలు వింటూ తొందరగా పడుకునేవాళ్లకి ఇంతకంటే మంచి లైను లేదు. మాకు అది మంచి హోటల్‌లా అనిపించింది, మన ఓడ అనిపించలేదు.

విండ్‌స్టార్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వీళ్ల స్టార్ ప్రైడ్, స్టార్ బ్రీజ్, స్టార్ లెజెండ్ ఒకప్పటి సీబోర్న్ ఓడలే. సీబోర్న్ ప్రైడ్, స్పిరిట్, లెజెండ్‌లను కొని 2014, 2015లో తమ జెండా కింద నడపడం మొదలుపెట్టారు. తర్వాత ఇటలీలోని పలెర్మో షిప్‌యార్డులో ఒక్కో ఓడని మధ్యకి కోసి, 25 మీటర్లకి పైగా కొత్త ముక్క అతికించారు. 212 మంది ఓడ 312 మంది ఓడ అయింది. అంటే సీబోర్న్ వదిలి మేం ఎక్కింది పాత సీబోర్నే. మా ఆయన ఈ మాట ఎక్కిన రోజు నుంచి దిగే రోజు దాకా అంటూనే ఉన్నారు.

చిన్న ఓడ లాభం అసలు కనిపించేది రేవుల్లో. 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలని వెనిస్ జుడెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. మా క్వెస్ట్ కూడా ఆ గీతకి అవతలే. గ్రీస్‌లో కొరింథ్ కాలువ 1893లో పూర్తయినది, అడుగున వెడల్పు 21 మీటర్లే. విండ్‌స్టార్ ఈ మూడు ఓడల వెడల్పు 19 చిల్లర. రెండు వైపులా నిలువు కొండ గోడలు, డెక్ మీద ఎవరూ మాట్లాడరు. క్వెస్ట్ వెడల్పు 25 మీటర్లకి పైన, అటు వెళ్లే ప్రశ్నే లేదు. అయితే శాంటోరినిలో మన ఓడ చిన్నదైతే ఒరిగేదేమీ లేదు. పక్కన నాలుగు వేల మంది ఓడ లంగరేస్తే కేబుల్ కార్ క్యూ అందరిదీ.

నచ్చనివీ ఉన్నాయి. నిజమైన బాల్కనీ చాలా గదులకి లేదు, అద్దం తలుపు జరిపితే ఎదురుగా కమ్మీ, అంతే. కుర్చీ వేసుకోలేం. ఫార్మల్ నైట్ లేదు, మగవాళ్లకి కోటు అక్కర్లేదు, నా పట్టుచీర సూట్‌కేసులోంచి బయటికే రాలేదు. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి గాలి వీస్తుంది, చిన్న ఓడకి ఆ ఊపు బాగా తెలుస్తుంది. కళ్లు తిరిగేవాళ్లు ఆ నెలలు మానుకుని, కింది డెక్‌లో మధ్య గది తీసుకోవడం మంచిది. మామూలు టికెట్లో మందు, టిప్పులు, వైఫై కలిసి ఉండవు. అన్నీ కలిపిన టికెట్ వేరే ఉంది. చౌకగా ఉందని మొదటి అంకె చూసి సంబరపడకండి. ఏ లైనైనా సరే టికెట్, టిప్పులు, మందు, వైఫై, మీరు నిజంగా వెళ్లే టూర్లు అన్నీ కూడి రాత్రుల సంఖ్యతో భాగించి పోల్చండి. గ్రీస్ 2025 జులై నుంచి క్రూయిజ్ ప్రయాణికుల మీద పన్ను వేసింది, సీజన్లో శాంటోరిని, మైకోనోస్‌లలో తలకి 20 యూరోలు. అది ఎవరి నెత్తిన పడుతుందో అడగండి.

తిండి సంగతి. నేను శాకాహారిని, ఆయన అన్నీ తింటారు. ఈ ఓడల్లో ఏదీ నన్ను ఆకలితో ఉంచలేదు, కానీ ఎక్కడా మొదటి రోజే మన తిండి దొరకదు. బుకింగ్‌లో వెజిటేరియన్ అని టిక్ పెడితే చాలదు. ఒక లైన్లో, పేరు అనవసరం, ఆ టిక్ చూసి వరసగా మూడు రాత్రులు రిసోట్టో అనే ఇటలీ అన్నం వంటకం పెట్టారు. ఎక్కిన సాయంత్రమే భోజనాల హాలు చూసుకునే మెయిటర్ డీని కలిసి, రేపు రాత్రికి పప్పు, ఒక వేపుడు, అన్నం కావాలని చెప్పుకోవాలి. కిచెన్లో ఇండియా నుంచి వచ్చిన కుర్రాళ్లు తరచూ ఉంటారు, ముందు రోజు చెబితే సంతోషంగా చేస్తారు.

ఇండియా పాస్‌పోర్టుతో వచ్చే చుట్టాల్ని కలుపుకుని వెళ్తుంటే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. గ్రీస్‌లో ఎక్కి, మోంటెనెగ్రోలో కోటర్ చూసి, వెనిస్‌లో దిగితే మధ్యలో షెంగెన్ దాటి మళ్లీ వచ్చినట్టు. మా ఆడపడుచు వాళ్లు విజయవాడ నుంచి రావడానికి బయల్దేరినప్పుడు ఏజెంట్ ఈ మాటే చెప్పలేదు. మేం అడిగితే తెలిసింది.

చివరికి మే నెలలో ఏథెన్స్ నుంచి వెనిస్ విండ్‌స్టార్‌కి డిపాజిట్ కట్టాం, బాల్కనీ లేకపోయినా. నెల దాటే పొడుగు ప్రయాణాలకి మాత్రం క్వెస్ట్ ఉన్నంత కాలం క్వెస్టే, అంతకాలం ఒకే ఓడలో ఉండాలంటే నాకు ఆ హాలు కావాలి. మా ఆయన ఓటు ఇంకా సిల్వర్‌సీకే. సరే, అలాస్కాకి అందులోనే వెళ్దామని ఒప్పుకున్నాను, బట్లర్‌తో మాట్లాడే పని మొత్తం ఆయనదే అన్న షరతు మీద.