రామప్పకు వెళ్ళండి, రాత్రికి మాత్రం హనుమకొండకు వచ్చేయండి

రామప్ప గుడి చూద్దామని బయల్దేరి, ముందు రాత్రికి ఆ దగ్గర్లోనే గది తీసుకున్నాం. ఫోనులో చూసిన ఫోటోలో కిటికీ తెరిస్తే చెరువు కనిపించింది. మాకు ఇచ్చిన గదిలో కిటికీ తెరిస్తే పక్క గది గోడ. దానికి 3,200 రూపాయలు ముందే కట్టించుకున్నారు. చెరువు వైపు గది ఏదని అడిగితే, "దానికి ఇంకో 1,500 అవుతుంది సార్" అన్నాడు కౌంటర్లోని కుర్రవాడు. డిసెంబరు చలి, మా అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. గీజరు పనిచేయలేదు. బకెట్ వేడినీళ్ళకు 50 రూపాయలు అడిగారు, అవి తెచ్చేసరికి చల్లారిపోయాయి. రాత్రి 11 గంటలకు కరెంటు పోయింది. జనరేటరు వేశారు కానీ ఆఫీసు గదికి మాత్రమే. పొద్దున రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. ఆ గది తీసుకున్నది నేనే కాబట్టి మా ఆవిడ నావైపు చూడలేదు, అత్తయ్య ఎవరితోనూ మాట్లాడలేదు.

ముందు రోజు చూసిన లక్నవరం చెరువు బాగుంది. వేలాడే వంతెన పిల్లలకు నచ్చింది. శని, ఆదివారాల్లో మాత్రం వెళ్ళకండి.

రామప్ప గుడికి ఎనిమిదింటికే చేరాం. ఎండెక్కితే రాతి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, అందుకే ఉదయమే వెళ్ళాలి. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గైడుకు 300 ఇచ్చాం, ఒక్క రూపాయి కూడా వృథా కాలేదు. ఇసుక నింపిన పునాది గురించీ, శిఖరానికి వాడిన, నీళ్ళలో తేలే ఇటుకల గురించీ ఓపికగా చెప్పాడు. ఎర్రటి గోడల పైన నల్లరాతి మదనికలు, అంటే నాట్యగత్తెల శిల్పాలు, అద్దంలా మెరుస్తున్నాయి. ఇక్కడి శిల్పాల ఆధారంగానే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలంనాటి పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించారని చెప్పగానే అత్తయ్య ముఖం విప్పారింది. చిన్నప్పుడు ఆ నృత్యం చూశారట. "ఆ కాలు ఎలా ఎత్తిందో చూడండి అల్లుడు గారూ" అంటూ ప్రతి స్తంభం దగ్గరా ఆగారు. రెండు గంటలు పట్టింది, మోకాళ్ళ మాటే ఎత్తలేదు.

మధ్యాహ్నం ములుగులో ఒక చిన్న మెస్సులో తిన్నాం. మాకు చేపల పులుసుతో భోజనం 150 రూపాయలు. అత్తయ్య శాకాహారి అని తెలియగానే ఆ ఇల్లాలు, "అయ్యో, ముందే చెప్పరాదా అమ్మా" అంటూ లోపలికి వెళ్ళి వేరే గిన్నెలో పప్పు పెట్టింది. ఇరవై నిమిషాల్లో పప్పు, గోంగూర పచ్చడి, అప్పడాలు వచ్చాయి. దానికి 100 తీసుకుంది. పచ్చడి బాగుందన్నందుకు చిన్న డబ్బా నిండా కట్టి ఇచ్చింది, దానికి డబ్బు తీసుకోలేదు.

ఆ రాత్రి హనుమకొండలో 2,100 గది, కుళాయి తిప్పగానే వేడినీళ్ళు. వేయిస్తంభాల గుడి, భద్రకాళి దర్శనం నడుచుకుంటూ తీరిగ్గా చేసుకున్నాం.

మర్నాడు నర్సంపేట మీదుగా పాకాల. అభయారణ్యం అన్నారు కదా అని జంతువుల మీద ఆశ పెట్టుకోకండి. మాకు కనిపించినవి నెమళ్ళు, నీటిపక్షులే. అయినా ఆ కాకతీయుల చెరువు కట్ట మీద ఉన్న నిశ్శబ్దం కోసమైనా వెళ్ళాలి. మూడు రోజుల కారుకు డ్రైవరు బత్తాతో కలిపి 11,400 అయింది. కట్ట మీద చెట్టు కింద కూర్చుని, హోటల్లో కట్టించుకున్న పెరుగన్నంలో అత్తయ్య ఆ గోంగూర పచ్చడి నంజుకుని తిన్నారు. డబ్బాలో మిగిలింది మాకెవరికీ పెట్టలేదు.