పలాస జీడిపప్పు లెక్కల్లో డీప్ కాపీ: నాలుగేళ్లు వాడాక

రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్. "ఏటి బాబూ, నిన్న కొట్టిన బిల్లు ఈరోజు మారిపోనాదేటి?" అన్నారు గుమస్తాగారు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి బిల్లులు, స్టాకు చూసే ప్రోగ్రాం రాసిచ్చి అప్పటికి ఆరు వారాలు. నేను నమ్మలేదు. కొట్టేసిన బిల్లు ఎలా మారుతుంది? కానీ ఆయన చేతిలో నిన్నటి ప్రింటు ఉంది. కాగితం మీద డబ్ల్యూ 320 (జీడిపప్పులో ఒక గ్రేడు) కిలో 690. స్క్రీన్ మీద అదే నంబరు బిల్లులో 705.

రేట్లు రోజూ మారతాయి. నిన్నటి రేట్ల పట్టీని కాపీ చేసి, మారిన గ్రేడు రేటు ఒక్కటే దిద్దుకునేలా రాశాను. కాపీకి జావాస్క్రిప్టులో (నేను ప్రోగ్రాం రాసే భాష) అందరూ వాడే మూడు చుక్కలే (...) వాడాను. పట్టీలో తేదీ, గ్రేడులు ఉంటాయి. ఒక్కో గ్రేడు లోపల కిలో రేటు, టిన్ను రేటు ఉంటాయి. మూడు చుక్కలు పై వరసను మాత్రమే కొత్తగా చేస్తాయి, లోపలి గ్రేడులు రెండు పట్టీలకూ ఉమ్మడే. పాసు పుస్తకానికి జిరాక్స్ తీస్తే కాగితాలు రెండవుతాయి గానీ పొలం రెండవదు కదా. ఈరోజు పట్టీలో 320 రేటు దిద్దితే నిన్నటి పట్టీలోనూ దిద్దుకుపోయింది. బిల్లు తన రేటును తన దగ్గర రాసుకోకుండా ఆ రోజు పట్టీలోంచి చదువుతోంది కాబట్టి బిల్లూ మారింది. (రేటు బిల్లులోనే ఉండాలి. అది వేరే తప్పు, అదీ నాదే.)

ముందే ఎందుకు దొరకలేదంటే, నేను తేదీ మార్చి పరీక్షించాను. తేదీ పై వరసలోది. కొత్త పట్టీలో మార్చినా పాతది చెక్కుచెదరలేదు, బాగుందనుకున్నాను. పట్టీకి ఫ్రీజ్ (మార్చకుండా బిగించేది) వేసి చూసినా లాభం లేకపోయేది, అది బిగించేదీ పై వరసనే.

ఆ రాత్రే జేసన్ పద్ధతికి మారాను. మొత్తాన్ని అక్షరాలుగా మార్చి, మళ్లీ చదివి కొత్త వస్తువుగా కట్టడం. ఒక్క లైను. లోపల ఎన్ని వరసలున్నా ఉమ్మడి అన్నది మిగలదు. ఇలా లోపలిదాకా కొత్తగా చేయడమే డీప్ కాపీ. దాదాపు ఏడాది దీన్ని వాడాను. నా అనుభవంలో అన్నిటికన్నా ప్రమాదకరం ఇదే, ఎందుకంటే తప్పు చేసినా నోరు విప్పదు.

ఏప్రిల్ 1న కొట్టిన బిల్లులు కొన్ని పోయిన ఆర్థిక సంవత్సరం ఖాతాలోకి వెళ్లాయి. బిల్లు తేదీని ఆ రోజు అర్ధరాత్రి పన్నెండుగా పెట్టుకునేవాణ్ణి. జేసన్ తేదీని అక్షరాలు చేసేటప్పుడు గ్రీన్‌విచ్ వైపు కాలానికి మారుస్తుంది. మన సమయం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. అంటే ఏప్రిల్ 1 పన్నెండు గంటలు కాస్తా మార్చి 31 సాయంత్రం 18:30 అయి కూర్చుంది. మళ్లీ చదివినప్పుడు అది తేదీగా రాదు, ఉత్త అక్షరాలుగానే ఉండిపోతుంది. నేను ముందు పది అక్షరాలు తీసుకుని తేదీ చూపించాను. ఇంకేముంది, ఆడిటర్ దగ్గర తల దించుకోవాల్సి వచ్చింది.

ఇంకోసారి బద్ద రేటు గడి ఖాళీగా వదిలేశారు. ఖాళీ గడిని పార్స్‌ఫ్లోట్‌తో సంఖ్యగా మారిస్తే 'నాన్' (ఇది సంఖ్య కాదు అని గుర్తు) వస్తుంది. అది అలాగే ఉంటే మొత్తం దగ్గర కూడా 'నాన్' అని పడి ఎవరికైనా కనబడేది. జేసన్ దాన్ని 'నల్' (ఏమీ లేదు అని గుర్తు) చేసింది. నల్‌ని బరువుతో గుణిస్తే జావాస్క్రిప్టు సున్నా అంటుంది. బద్దలు ఊరికే ఇచ్చినట్టు బిల్లు వచ్చింది. కొన్నవాళ్లు మంచివాళ్లు కాబట్టి వాళ్లే చెప్పారు.

2022లో నోడ్ (జావాస్క్రిప్టును నడిపే సాఫ్ట్‌వేర్) 18కి మారాక, లోపలిదాకా కాపీ చేసే స్ట్రక్చర్డ్‌క్లోన్ చేతికొచ్చింది. నోడ్ 17 నుంచే ఉంది గానీ ఫ్యాక్టరీ మెషీన్లో అంత కొత్తది పెట్టడానికి ధైర్యం చాల్లేదు. ఇది తేదీని తేదీగానే ఉంచుతుంది. నాన్‌ని నాన్‌గానే ఉంచుతుంది. మ్యాపులు, సెట్లు (జావాస్క్రిప్టులో వివరాలు దాచుకునే రకాలు) పాడవ్వవు. రెండు లాట్లు ఒకే పట్టీని చూపిస్తున్నాయనుకోండి, వాటిని కలిపి ఒకేసారి క్లోన్ చేస్తే కాపీలోనూ రెండూ ఒకే కొత్త పట్టీని చూపిస్తాయి. జేసన్ అయితే వేర్వేరు పట్టీలు చేసి పారేసేది. లోపల ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) ఉంటే నావల్ల కాదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మొదట విసుగొచ్చింది, ఇప్పుడు అదే నచ్చుతోంది. జేసన్ ఫంక్షన్ని చప్పుడు లేకుండా వదిలేసేది.

దీనికీ ఒక దొంగచాటు గుణం ఉంది. లాటుకి నేను ఒక క్లాసు (వివరాలూ, వాటితో చేసే పనులూ కలిపి రాసుకునే అచ్చు) రాసుకున్నాను, మొత్తం బరువు చెప్పే మెథడ్ (క్లాసు లోపలి ఫంక్షన్) దాంట్లోదే. క్లోన్ చేశాక అంకెలన్నీ ఉన్నాయి, మెథడ్ లేదు. క్లాసు పోయి మామూలు వస్తువు మిగిలింది. ఇప్పుడు బరువు లెక్కని బయట ఫంక్షన్‌గా పెట్టుకున్నాను.

డీప్ కాపీ రుచి మరిగాక అన్నిచోట్లా అదే వాడాను, అక్కడ దెబ్బతిన్నాను. 'వెనక్కి' బటన్ కోసం గడిలో ప్రతి అంకె కొట్టినప్పుడూ సీజను స్టాకు మొత్తాన్ని క్లోన్ చేసి దాచేవాణ్ణి. ఆఫీసులో ఉన్నది పాత కంప్యూటర్. గుమస్తాగారు 22 కొట్టి చూస్తుంటే మొదటి 2 పడి, ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టాక రెండో 2 పడేది. దానికి మందు లోతుగా కాపీ చేయడం కాదు, మారిన దారిని మాత్రమే కొత్తగా చేయడం. ఒక గ్రేడు రేటు మారితే ఆ గ్రేడు, దాని పైనున్న జాబితా, ఆ పైన పట్టీ, ఈ మూడే కొత్తవి. మిగతా గ్రేడులు పాతా కొత్తా పంచుకుంటాయి. వాటిని ఎవరూ దిద్దరు కాబట్టి ఉమ్మడి ఉన్నా నష్టం లేదు. మూడు చుక్కలతో ఇది చేతితో రాస్తే చుక్కల ముగ్గులా తయారవుతుంది, అందుకని ఇమ్మర్ అనే లైబ్రరీ వాడుతున్నాను. అది ఇచ్చిన ఫలితాన్ని లోపలిదాకా బిగించేస్తుంది, పొరపాటున చేయి పెడితే అక్కడికక్కడే ఎర్రర్. రెండేళ్లుగా టెన్షన్ లేదు.

పేరు, ఫోన్ నంబరు, ఊరు లాంటి ఒకే వరస వివరాలకి ఇప్పటికీ మూడు చుక్కలే. అక్కడ డీప్ కాపీ దండగ.

జేసన్ ఒక్కచోట మిగిలింది, రాత్రి బ్యాకప్ ఫైలు రాసేచోట. తేదీని నేనే ముందు మన లెక్కలో అక్షరాలు చేసి పంపుతున్నాను. గుమస్తాగారు మాత్రం రోజూ సాయంత్రం రేట్ల పట్టీ ప్రింటు తీసి ఫైల్లో గుచ్చుతారు. ఇంక అక్కర్లేదండీ అంటే, "ఉండనీ బాబూ" అంటారు.