విండోస్ 11 పక్కన ఉబుంటు 24.04: ఇన్‌స్టాలర్ పనితీరుపై సమీక్ష

ల్యాప్‌టాప్‌లో విండోస్ 11ను తొలగించకుండా ఉబుంటును (ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను) కూడా పెట్టుకోదలచినవారికి, 2024 ఏప్రిల్‌లో విడుదలై 2029 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే 24.04 ఎల్‌టీఎస్‌ను (దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్‌ను) నేను నిస్సంకోచంగా సూచిస్తాను. అయితే పని సవ్యంగా జరగడం చాలావరకు ఉబుంటు ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టకముందు విండోస్‌లో చేసుకునే సన్నాహం మీదే ఆధారపడి ఉంటుంది. ఆ సంగతిని ఇన్‌స్టాలర్ మొదట్లోనే చెప్పి ఉండవలసింది.

ఈమధ్య వస్తున్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, మనం అడగకపోయినా, డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే చదవలేని రూపంలో డేటాను దాచడం) ఆన్ అయ్యే ఉంటుంది. విండోస్ చేసే ఈ ఎన్‌క్రిప్షన్, అంటే బిట్‌లాకర్, ఉన్న డిస్క్‌ను ఇన్‌స్టాలర్ కుదించదు; విండోస్‌లోకి వెళ్ళి దాన్ని ఆపి రమ్మంటుంది. చదువుల సర్టిఫికెట్లు, ఇంటిల్లిపాది ఫొటోలు ఆ డిస్క్‌లోనే ఉంటాయి కనుక ఈ జాగ్రత్త ఎంతో మెచ్చుకోదగినది. బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగుల జోలికి వెళ్ళకముందే బిట్‌లాకర్‌ను తెరిచే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోవడం, ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయడం తప్పనిసరి. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, దాని డ్రైవ్‌లోని ఫైళ్ళను ఉబుంటు నుంచి మార్చడం కుదరదు.

డిస్క్‌ను పంచే తెర చూడగానే అర్థమవుతుంది. విండోస్ బూట్ మేనేజర్ (విండోస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) పక్కన ఇన్‌స్టాల్ చేయమని ఎంచుకుంటే రెండు భాగాల మధ్య ఒక గీత కనిపిస్తుంది, దాన్ని మౌస్‌తో అటూ ఇటూ జరిపితే ఎవరికెంత చోటో జీబీల్లో మారుతూ ఉంటుంది. ఉబుంటుకు కనీసం 25 జీబీ కావాలంటారు గానీ, నిత్యం వాడుకునేవారు 60కి తగ్గించకపోవడం మేలు. అయినా సీ డ్రైవ్‌ను ముందుగా విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే కుదించి, ఆ ఖాళీని ఉబుంటుకు ఇవ్వడమే నా దృష్టిలో క్షేమం.

రీస్టార్ట్ చేశాక ఏ సిస్టమ్‌ను తెరవాలో అడిగే గ్రబ్ మెనూలో రెండు పేర్లూ వస్తాయి. ఆ తర్వాత గడియారం చిక్కు ఎదురవుతుంది: మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) కాలాన్ని ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక కాలమనుకుంటుంది, అందువల్ల మన దేశంలో ఉదయం 11 గంటలకు విండోస్ తెరిస్తే 5:30 అని చూపవచ్చు. ఉబుంటు టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో ఇది సరి అవుతుంది, కానీ ఆ ప్రశ్న ఇన్‌స్టాలరే అడిగితే కొత్తవారికి ఎంతో ఉపకారమయ్యేది.

నాకు నచ్చని అసలు లోపం, ఉబుంటును తీసివేసే సదుపాయం ఇవ్వకపోవడం. వద్దనుకున్నవారు ముందుగా బయాస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి స్థానానికి మార్చి, ఆ తర్వాతే డిస్క్‌లో ఉబుంటు ఉన్న భాగాన్ని (పార్టిషన్‌ను) చెరపాలి. లేకపోతే కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్‌కు బదులు గ్రబ్ నల్లతెర దగ్గర ఆగిపోతుంది.