డబ్లిన్ రచయితల దారిలో: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

డబ్లిన్‌లో ఐరిష్ రచయితల జాడలు చూడదలచినవారు ‘సాహిత్య నడక’ పేరుతో అమ్మే యాత్రలకు డబ్బు కట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అక్క, బావగారు, నేను తలకు 35 యూరోల చొప్పున మొత్తం 105 యూరోలు ముందే చెల్లించి అలాంటి యాత్రకు వెళ్లాం. నిర్వాహకుడు మమ్మల్ని మద్యశాల నుంచి మద్యశాలకు తిప్పుతూ, ఏ రచయిత ఎక్కడ కూర్చుని ఎంత తాగాడో చెప్పాడు. ఓకానల్ వీధిలోని జనరల్ పోస్టాఫీసు ముందు నుంచే నడిచినా, 1916 ఈస్టర్ తిరుగుబాటుకు అదే కేంద్రమన్న మాట ఆయన నోట రాలేదు. ఆ తిరుగుబాటుకు శిక్షగా బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపినవారిలో పాట్రిక్ పియర్స్, థామస్ మక్‌డొనా, జోసెఫ్ ప్లంకెట్ స్వయంగా కవులు. కవులే తుపాకి పట్టిన దేశంలో సాహిత్యాన్ని తాగుడు కబుర్లకు కుదించడం ఆ మృతులకు అవమానమని నాకు తోచింది. 1929 నాటి సెన్సార్‌షిప్ చట్టం గురించి, 1960లో ఎడ్నా ఓబ్రియెన్ తొలి నవలను నిషేధించడం గురించి, 1965లో తన నవల నిషేధానికి గురైన జాన్ మెగాహెర్న్ ఉపాధ్యాయ ఉద్యోగం పోగొట్టుకోవడం గురించి అడిగితే, సమయం అయిపోయిందన్నాడు. మద్యం ముట్టని బావగారు బసకు చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మరునాడు కిల్డేర్ వీధిలోని జాతీయ గ్రంథాలయానికి వెళ్లాం. అక్కడ కవి డబ్ల్యు.బి. యేట్స్ జీవితంపై ఉన్న ప్రదర్శనకు మా దగ్గర ప్రవేశ రుసుము తీసుకోలేదు. 1904లో ప్రారంభమైన అబ్బీ థియేటర్‌కు ఆయన చేసిన సేవ, ఐరిష్ స్వతంత్ర రాజ్యంలో సెనేటర్‌గా వహించిన పాత్ర, 1923 నోబెల్, అన్నీ ఒకే జీవితంలోని భాగాలుగా కనిపించాయి. అక్క అక్కడి నుంచి కదలనంది, మధ్యాహ్న భోజనం సాయంత్రానికి జరిగింది.

డబ్లిన్ శివారు శాండీకోవ్‌లో నవలాకారుడు జేమ్స్ జాయిస్ పేరిట ఉన్న టవర్ కూడా ఉచితమే. ముందే డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు ‘లీప్’ ఉంటే, ‘డార్ట్’ అనే శివారు రైలుకు 2 యూరోలు. 1904 సెప్టెంబరులో జాయిస్ కొద్ది రోజులు ఉన్న ఈ బురుజును స్వచ్ఛంద సేవకులు నడుపుతున్నారు. అక్కడి వృద్ధుడొకరు మా ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబిచ్చారు, విరాళం మాట ఎత్తనైనా లేదు. బావగారి ముఖం అక్కడే తేటపడింది, ఎవరూ అడగకుండానే ఆయన విరాళాల డబ్బాలో 10 యూరోలు వేశారు.

యేట్స్ సమాధి చూడటానికి డబ్లిన్ నుంచి స్లైగో వెళ్లే రైలులో ఏ వైపు కూర్చున్నా, బాయిల్ స్టేషను వచ్చేసరికి మాత్రం మెలకువగా ఉండండి. మార్గరెట్ కజిన్స్ పుట్టిన ఊరది. డబ్లిన్ నాటకోద్యమపు తొలినాళ్లలో నాటకాలు రాసిన ఆమె భర్త జేమ్స్ కజిన్స్ తరువాత మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి పనిచేశారు. 1919లో ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడు ‘జనగణమన’ పాటకు స్వరలిపి కూర్చడంలో మార్గరెట్ తోడ్పడ్డారు. అంతకు ముందే, 1913లో, ఠాగూర్ నాటకం ‘పోస్టాఫీసు’ను అబ్బీ థియేటర్ ప్రదర్శించింది. మదనపల్లెలో చదువుకున్న అక్క ఆ ఊరు దాటేదాకా కిటికీ వదలలేదు.

స్లైగో పక్కన డ్రమ్‌క్లిఫ్ చర్చి ఆవరణలో యేట్స్ సమాధికి టాక్సీ రానూపోనూ 45 యూరోలయింది. మళ్లీ వెళ్లినా ఇస్తాను. పట్టణంలో 7.50 యూరోలకు దొరికిన బంగాళాదుంప సూపు, గోధుమ రొట్టె మా శాకాహారపు కష్టాలన్నీ తీర్చాయి.

కవి షేమస్ హీనీ స్వగ్రామ ప్రాంతమైన బెలాహీ చూడాలనుకునే భారతీయులకు ఒక హెచ్చరిక. 1921 విభజన గీసిన సరిహద్దుకు అవతల అది ఉత్తర ఐర్లండ్, అంటే యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం. దారిలో తనిఖీ కేంద్రం కనబడదు గనుక వీసా అక్కర్లేదనుకోకండి. మీ ఐరిష్ వీసాపై బి.ఐ.వి.ఎస్. (రెండు దేశాలకూ ఒకే వీసా చెల్లే బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అనే అక్షరాలు ఉన్నాయో లేదో టికెట్ కొనకముందే చూసుకోండి, లేకపోతే బ్రిటిష్ వీసా విడిగా తీసుకోండి, ఖర్చుకు పౌండ్లు ఉంచుకోండి.