లోడ్ యాప్‌లు: ఒక్క బండి ఓనరుకి ఎంతవరకు పనికొస్తాయి?

లోడ్ యాప్‌లంటే సరుకు పంపాల్సినవాళ్ళు లోడ్లు, లారీ ఓనర్లు ఖాళీ బళ్ళు పోస్ట్ చేసుకునే ఫోన్ యాప్‌లు. పది టైర్ల ఓపెన్ లారీ ఒక్కటే పెట్టుకుని, ఏ కంపెనీకీ అటాచ్ చేయకుండా సొంతంగా తిప్పుకునే కొత్త ఓనర్ల కోసం ఇది. చాలాకాలం వాడాక నా లెక్క ఒక్కటే: రిటర్న్ లోడుకి (సరుకు దించాక తిరుగు ప్రయాణంలో ఎక్కించుకునే లోడు) యాప్ ఉండాల్సిందే, సొంతూరి లోడుకి మాత్రం దండగ.

మిర్యాలగూడ బియ్యమైనా, గుంటూరు మిర్చి అయినా, జగ్గయ్యపేట సిమెంటైనా యాప్‌లో కనబడేసరికే రెండు చేతులు మారి ఉంటుంది. మిల్లు గుమాస్తా ముందు తనకు అలవాటైన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఫోన్ కొడతాడు. అక్కడ బండి లేకపోతే బ్రోకరుకి చెబుతారు. అతనికీ దొరక్కపోతే అప్పుడు యాప్‌లో పడుతుంది. అప్పటికి కిరాయి అరిగిపోయి ఉంటుంది, లేదా అది ఎవరూ ముట్టుకోని లోడయి ఉంటుంది. పైగా లారీ అసోసియేషన్ సీరియల్ (తమ బళ్ళకి వరసగా లోడ్లు ఇచ్చే పద్ధతి) నడిచే ఊళ్ళలో యాప్ పట్టుకెళ్ళిన బయటి బండిని లోడ్ ఎక్కనివ్వరు. కాబట్టి ఇక్కడ ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, నేషనల్ పర్మిట్, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు జిరాక్సులు సెట్లుగా చేసి నాలుగైదు ఆఫీసుల్లో ఇచ్చి రండి. పది లేదా అంతకన్నా తక్కువ బళ్ళున్న ఓనరు పాన్‌తో డిక్లరేషన్ రాసిస్తే కిరాయిలో టీడీఎస్ (ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) కోయరు. ఆ కాగితం కూడా సెట్టులోనే పెట్టండి, అడిగేదాకా ఆగొద్దు.

దూరం పోయాకే యాప్ విలువ తెలిసేది. బియ్యం తీసుకెళ్ళి కొచ్చిలో దించారనుకోండి. కేరళకి వెళ్ళే సరుకే ఎక్కువ, అక్కణ్ణుంచి వచ్చేది తక్కువ. పెరుంబావూరు ప్లైవుడ్ దొరికితే సరే, లేదంటే కోయంబత్తూరు దాకా ఖాళీగా రావాలి. సుమారు 190 కిలోమీటర్లు. ఖాళీ బండి లీటరుకి ఐదు ఇచ్చినా 38 లీటర్ల డీజిల్, ఆపైన టోల్. అందుకే దించడానికి ఒక రోజు ముందే, ఖాళీ అయ్యే తేదీ, టైర్లు, బాడీ అడుగులు, టన్నులు రాసి బండిని పోస్ట్ చేయాలి. దించేసి రోడ్డు పక్కన పెట్టాక ఫోన్ చేస్తే మీ అవసరం అవతలివాడికి తెలిసిపోతుంది, కిరాయి అక్కడే పడిపోతుంది. లోడు కుదరకపోయినా ఆ రూటులో ఐదారు పోస్టులు చూస్తే రేటు అర్థమవుతుంది. అది చూసుకుని లోకల్ బ్రోకరుతో బేరం ఆడొచ్చు. నన్నడిగితే యాప్‌తో అసలు లాభం ఇదే.

టన్ను రేటు చూసి మోసపోకండి. పది టైర్ల బండికి మొత్తం బరువు పరిమితి 28.5 టన్నులు. బండి బరువు తీసేస్తే సరుకుకి మిగిలేది పద్దెనిమిది, పందొమ్మిది. యాప్‌లో '22 టన్నుల గ్యారంటీ' అని రోజూ కనబడుతుంటాయి, లెక్కేస్తే కిరాయి నోరూరిస్తుంది. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్ జరిమానా 20,000, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. ఎక్కువైన సరుకు దించే దాకా బండిని వదలరు, ఆ దించే ఖర్చూ మీదే.

యాప్‌లో 'వెరిఫైడ్' అని ఉన్నంత మాత్రాన ఆ బ్రోకరుదే సరుకు అనుకోవద్దు. లోడ్ ఎక్కగానే ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే కాగితం) పంపేవారి పేరు, జీఎస్టీ నంబరు చూసి, ఇన్‌వాయిస్ మీదున్న ఫోనుకి ఒకసారి మాట్లాడండి: ఎంత కిరాయికి ఎవరికి ఇచ్చారు, బ్యాలెన్స్ ఎవరు కడతారు? మధ్యవాడు అడ్వాన్స్ తీసుకుని ఫోన్ ఆపేసే మోసం అక్కడే బయటపడుతుంది. అదే బిల్లులో గడువు కూడా చూసుకోండి. మామూలు బండికి 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్క. దారిలో బండి చెడితే గడువు ముగిసే వేళకి ముందు ఎనిమిది గంటల్లోగానీ, తర్వాత ఎనిమిది గంటల్లోగానీ పొడిగించుకోవచ్చు. ఇక గేట్ పాస్ అనో, ఆర్మీ సామాను రిజిస్ట్రేషన్ అనో లోడుకి ముందే ఫోన్‌పే చేయమంటే డబ్బు వేయకుండా ఫోన్ కట్ చేసేయండి.

బండి కదలకముందే వాట్సాప్‌లో రాయించుకోవాల్సినవి: అడ్వాన్స్ (80 శాతానికి తగ్గొద్దు), రెండు వైపులా హమాలీ ఎవరిది, ఎన్ని గంటలు దాటితే హాల్టింగ్ (బండిని ఆపి ఉంచినందుకు ఇచ్చే డబ్బు) ఎంత, తరుగు ఎంతవరకు ఒప్పుకుంటారు. నోటి మాటగా ఒప్పుకున్న హాల్టింగ్ నూటికి తొంభై పాళ్ళు రాదు.

పీఓడీ (సరుకు అందిందని దించినచోట ముద్ర వేసిచ్చే కాగితం) కొరియర్ చేసేముందు రెండు వైపులా ఫోటో తీయండి. ముద్ర, తేదీ, బస్తాల లెక్క స్పష్టంగా కనబడాలి. 'రెండు బస్తాలు తడి' అని మూలన పెన్నుతో గీకి ఉంటే గోడౌన్ దాటకముందే తేల్చుకోండి. ఆఫీసుకి చేరాక ఆ గీత మీదే బ్యాలెన్స్ ఆగుతుంది.

డబ్బు కట్టి వాడే ప్లాన్ అయితే ఏడాదికి తీసుకోవద్దు, నెలకే చూడండి. రిటర్న్ లోడుకి ఐదులో నాలుగు ఇస్తాను. రేట్లు తెలుసుకోవడానికి నాలుగున్నర. సొంతూరి లోడుకి ఒకటి, అదీ అప్పుడప్పుడు అర్జంటు లోడు తగులుతుంది కాబట్టి.