విట్మర్ దారి, హీలీ దారి: పిల్లలకు ఏది మేలు?

1896లో ఫిలడెల్ఫియాలో మార్గరెట్ మగ్వైర్ అనే టీచరమ్మ తన దగ్గర చదివే పద్నాలుగేళ్ల కుర్రాడి గోడు పెన్సిల్వేనియా యూనివర్సిటీ దాకా తీసుకెళ్లింది. పిల్లాడికి తెలివి ఉంది, స్పెల్లింగు మాత్రం ఎంతకూ పట్టుబడదు. సైకాలజీ అనే చదువుకు విలువంటూ ఉంటే ఇలాంటి పిల్లాడికి పనికి రావాలి కదా అన్నది ఆమె వాదన.

అక్కడి ప్రొఫెసర్ లైట్నర్ విట్మర్. లైప్‌జిగ్‌లో సైకాలజీని ప్రయోగాల చదువుగా నిలబెట్టిన వూంట్ దగ్గర డాక్టరేట్ చేసి వచ్చినవాడు. స్పెల్లింగు రాని పిల్లాడికి ఏం చేయాలో ఆ చదువంతా వెతికినా ఎక్కడా కనబడలేదు. అయినా కాదనలేదు. కళ్లు పరీక్ష చేయిస్తే చూపులో లోపం బయటపడింది. కళ్లజోడు వచ్చింది, స్పెల్లింగు మాత్రం రాలేదు. అప్పుడు టీచరుతో కలిసి పిల్లాడికి మళ్లీ ఓపిగ్గా చదవడం నేర్పించారు. ఆ ఏడే విట్మర్ సైకలాజికల్ క్లినిక్ తెరిచాడు. 1907లో సొంత పత్రిక పెట్టి, ఈ పనికి క్లినికల్ సైకాలజీ అని పేరు పెట్టాడు.

విలియం హీలీ దారి వేరు. ఆయన డాక్టరు. 1909లో షికాగోలో, బాలల కోర్టుకు వచ్చే పిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టాడు. దొంగతనం చేసిన పిల్లాడి ఒంట్లో, ఇంట్లో, మనసులో ఏం జరుగుతోందో ఒక్కో పిల్లాడి దగ్గరా విడిగా వెతికాడు. మనసులో అణిగి ఉన్న ఘర్షణను పట్టించుకున్నాడు. 1920లలో అమెరికాలో వెలసిన, పిల్లల ప్రవర్తన సమస్యలు చూసే చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లకు ఈ పద్ధతే దారి చూపింది. సైకియాట్రిస్టు (మానసిక వ్యాధుల డాక్టరు), సైకాలజిస్టు, సోషల్ వర్కరు కలిసి పనిచేసే పద్ధతి అక్కడ స్థిరపడింది.

విట్మర్ లోటు కూడా చెప్పాలి. ఇంట్లో తండ్రి అంటే వణికిపోయే పిల్లాడి భయం ఆయన పరీక్షల్లో పెద్దగా దొరకదు. అక్కడ హీలీయే మేలు, సందేహం లేదు. కానీ ఆ చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లలో సైకాలజిస్టు చాలాచోట్ల టెస్టులు పెట్టే మనిషిగానే మిగిలిపోయాడు. వైద్యం డాక్టరు చేతిలోనే ఉండేది.

నన్నడిగితే, చదువులో వెనకబడిన పిల్లాడికి విట్మర్ దారే ముందు. మన దగ్గర అలాంటి పిల్లాణ్ణి మొద్దు అనేస్తాం, లేదా రెండో ట్యూషన్ పెడతాం. రెండూ ఆ పిల్లాడికి దెబ్బే. ముందు కళ్లు చూపించాలి, చెవులు చూపించాలి. ఏ అక్షరం దగ్గర ఆగుతున్నాడో పక్కన కూర్చుని చూడాలి. అది తేలాక కూడా పుస్తకం తెరిస్తే ఏడుస్తున్నాడంటే, అప్పుడు హీలీలాగా ఇంటి సంగతి అడగాలి.