కంటిరెప్ప రంగు కార్డు: గొర్ల కోసం తెచ్చుకుంటే మందు గుట్టు బయటపెట్టింది

ఫమాచా కార్డు వాడబట్టి రెండు మూడు వానాకాలాలు అయితుంది. ఐదు గళ్లు, ఒకటి నంబరు ఎరుపు నుంచి ఐదు నంబరు తెలుపు దాకా, గొర్రె కింది రెప్ప లోపలి రంగు దాంతో పోల్చుకునుడు. రెప్ప ఎంత తెల్లగుంటే నట్టలు (కడుపుల పురుగులు) పీల్చి ఒంట్ల రక్తం అంత తగ్గిందన్నట్టు. దీన్ని అందరూ మందు ఖర్చు తగ్గుతదని చెప్తరు. నాకు మాత్రం అది పోసిన మందు పనిచేస్తలేదని పట్టిచ్చింది, అందుకే రాస్తున్న.

మా దిక్కు వానలు పడంగనే మంద మొత్తానికి నట్టల మందు తాపుడే రివాజు. కార్డు పద్ధతిలో నాలుగు, ఐదు నంబరు వచ్చినవాటికే తాపాలె, చూలు గొర్లకు, పిల్లలకు అయితే మూడుకే తాపాలె. ఆ ఏడు వానలు గట్టిగ పడ్డయి, కొన్నిటికి రెప్పలు సున్నం లెక్క తెల్లబడ్డయి, ఒకదానికి దవడ కింద నీరు దిగింది. తూకం ఏసి, అల్బెండజోల్ అనే నట్టల మందు లెక్క ప్రకారం తాపి, వీపు మీద రంగు పూసి వదిలిన. రెండు వారాలకు రంగున్నవాటినే పట్టుకుని చూస్తే రెప్పలు అట్లనే ఉన్నయి, ఒకటి నాలుగు నుంచి ఐదుకు పోయింది, దవడ వాపు గొర్రె అయితే అప్పటికే చచ్చిపోయింది. కార్డు లేకపోతే బలం లేక చచ్చిందనుకుని దాణా పెంచేవాణ్ణి.

మందుల షాపులో చెప్తే "కంపెనీ మార్చు అన్నా, ఇది గట్టిది" అని ఇంకో డబ్బా చేతిల పెట్టిండు, చదివితే ఫెన్‌బెండజోల్. పేరు వేరు, డబ్బా రంగు వేరు, మందు గుంపు మాత్రం ఒకటే, రెండూ నట్టను చంపే తీరు ఒక్కటే, అల్బెండజోల్‌కు చావని నట్ట దానికీ పెద్దగ చావదు. ఏడాదికో కంపెనీ మార్చి మందు మార్చినమనుకునేటోళ్లు మా ఊర్ల మస్తు మంది.

డబ్బా వాపస్ ఇచ్చి పెంటికలు తీస్కొని పశువుల డాక్టర్ దగ్గరికి పోయిన. మందుకు ముందు ఒకసారి, తాపిన పది పద్నాలుగు రోజులకు ఇంకోసారి నట్టల గుడ్లు లెక్కపెడతరు, 95 శాతం తగ్గాలె అన్నడు. మళ్లీ అదే అల్బెండజోల్ తాపి చూస్తే మావాటిల సగం కూడా తగ్గలే. అది హీమాంకస్ అంట, రక్తం పీల్చే నట్ట, ఒక్క ఆడది రోజుకు వేల గుడ్లు పెడతది. వేరే గుంపుది క్లోసాంటెల్ రాసిచ్చిండు, డోసు ఎక్కువైతే గొర్లకు కళ్లు పోతయి, మూతతోని అందాజగ పోయకు అని గట్టిగ చెప్పిండు. దాని తర్వాత రెప్పలు మెల్లగ గులాబీ రంగుకు తిరిగినయి, చూసి నాకే నమ్మబుద్ధి కాలే. మంచిగున్నవాటికి మందు ఆపుమన్నడు, వాటి పెంటికలతోని మందుకు లొంగే నట్టలు గడ్డి మీద మిగులుతయి, లేకపోతే మిగిలేవన్నీ మొండివే.

ఇంత పొగిడిన గానీ కార్డు చెప్పేది రక్తం తగ్గిందన్న ముచ్చట ఒక్కటే. మాకు చెరువు కింద మేత, కార్జపు జలగ (కార్జంల చేరే పురుగు) పట్టినా రెప్ప తెల్లబడతది, ఏది పట్టిందో కార్డుకు తెల్వదు. పారుడు పెట్టే వేరే నట్టలు దీంట్ల దొరకనే దొరకవు. దుమ్ము పడి కన్ను ఎర్రగుంటే తప్పు చూపెడతది, నీడలో చూసినా తప్పే, రెప్ప ఎక్కువసేపు తెరిచిపట్టినా ఎర్రబడతది. రెండు కళ్లూ చూసి, ఏది ఎక్కువ తెల్లగుంటే ఆ నంబరు రాసుకోవాలె.

మాది చిన్న మంద, దొడ్డిల ఇద్దరం పట్టుకుంటే పొద్దుగాల పూటలో అయిపోతది, అందుకే వానాకాలంలో పదిహేను రోజులకోసారి చూడగలుగుతున్న. వందల గొర్లతోని వలస పోయే మా బావకు ఇది కుదరదు, ఆయనకు కొనుమని చెప్పలే. దగ్గర్ల పెంటికలు చూసే డాక్టర్ లేకపోయినా సగం లాభమే. వాట్సాప్‌లో కార్డు ఫోటో పెట్టుమని అడుగుతున్నరు, పెట్టను, ఒక్కో ఫోన్ల ఒక్కో రంగు కనపడతది, దాన్ని చూసి మందు తాపితే ఎట్ల. అసలు కార్డే ఎండకు వెలిసిపోతది, నాదాంట్ల మూడు, నాలుగు గళ్లు ఇప్పుడు ఒకటే తీరు కొడుతున్నయి, వానలు రాకముందే కొత్తది తెప్పించుకోవాలె.